మొక్కు తీరకపోతే దోషమా?

గుణదల వెళ్లలేకపోతే మాతకు కోపం వస్తుందా? జపమాల చెప్పనివారు కతోలికులు కారా? కార్ఖానాల నడుమ వినిపించే ఈ సందేహాలకు శ్రీసభ దగ్గర సూటి జవాబులే ఉన్నాయి.

ఫిబ్రవరిలో గుణదల... సెప్టెంబరులో వేలాంకణి! బతుకుతెరువు కోసం పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వచ్చిన ఆర్‌సీఎం కుటుంబాలకు ఇవి మొక్కుల నెలలు. సెలవు దొరకాలి, రైలు టికెట్‌ దొరకాలి, చేతిలో డబ్బుండాలి. ఏది కుదరకపోయినా మనసులో గుబులే.

ఈ ప్రాంతంలో చర్చి అనగానే గుర్తొచ్చేది మెదక్‌. అది సీఎస్‌ఐ వారిది. అక్కడ మరియమాత మొక్కుల సంప్రదాయం లేదు. ఆర్‌సీఎం వారి లెక్క వేరు.

నమ్మి తీరాల్సినవి

త్రిత్వం, క్రీస్తు పునరుత్థానం, దివ్యసత్ప్రసాదంలో ఆయన సాన్నిధ్యం... ఇవి విశ్వాస సత్యాలు. కాదనే వీలు లేదు. మరియమాత గురించీ ఇలాంటివి నాలుగున్నాయి. ఆమె దైవమాత అని 431లో ఎఫెసు మహాసభ ప్రకటించింది. నిత్యకన్య అన్నదీ ప్రాచీన విశ్వాసమే. జన్మపాపం అంటకుండా పుట్టిందని 1854లో, ఆత్మశరీరాలతో మోక్షానికి చేరిందని 1950లో పోపులు ప్రకటించారు. ఆగస్టు 15 పండుగ ఈ చివరిదానిదే.

నమ్మదగినవి

దర్శనాలు, నవదిన ప్రార్థనలు, యాత్రలు రెండో కోవలోకి వస్తాయి. 1858లో ఫ్రాన్స్‌లోని లూర్దులో బెర్నదెత్‌ అనే బాలికకు 18 సార్లు మాత కనిపించిందంటారు. నాలుగేళ్ల తర్వాత స్థానిక పీఠాధిపతి దాన్ని ఆమోదించారు. గుణదలలో వెలసింది ఆ లూర్దు మాతే. 1924లో ఫాదర్‌ అర్లాటి అక్కడ స్వరూపాన్ని నెలకొల్పారు. తలనీలాలు, కొబ్బరికాయలు తెలుగువాళ్ల చేర్పు!

ఇంతకీ ఆమోదం అంటే 'నమ్మవచ్చు' అని మాత్రమే. లూర్దును నమ్మనివాడు కతోలికుడు కాకుండా పోడు. దర్శనాలు క్రీస్తు బోధకు కొత్తగా ఏమీ చేర్చవని 1992 నాటి సత్యోపదేశ గ్రంథం తేల్చింది. 2024 మే నిబంధనల్లో వాటికన్‌ మరింత జాగ్రత్తపడింది. మామూలుగా 'ఇది దైవికమే' అనకుండా 'అభ్యంతరం లేదు' అన్నంతవరకే చెబుతారు. అలాగని భక్తిని చిన్నచూపు చూడలేదు. అదే ఏడాది ఆగస్టులో వేలాంకణి యాత్రికుల విశ్వాసాన్ని, అక్కడికి వచ్చే ఇతర మతస్థులనూ మెచ్చుకుంటూ లేఖ రాసింది.

షిఫ్టులో ఆదివారం

తమాషా ఏమిటంటే, 300 కిలోమీటర్ల గుణదల యాత్ర తప్పనిసరి కాదు. దగ్గర్లోని గుడిలో ఆదివారం దివ్యబలిపూజ తప్పనిసరి. మరి ఆదివారం డ్యూటీ పడితే? శనివారం సాయంత్రం పూజకు వెళ్లినా చెల్లుతుంది. అదీ కుదరనంత గట్టి కారణముంటే దోషం అంటదు.

మొక్కు సంగతి కాస్త వేరు. బాగా ఆలోచించి, మనస్ఫూర్తిగా దేవుడికి చేసిన మొక్కు తీర్చాల్సిందే. భయంతో బలవంతాన చేసింది మాత్రం చెల్లదు. తీర్చలేని పరిస్థితి వస్తే? శ్రీసభ చట్టంలో దారి ఉంది. అంతకు సమానమైన మంచి పనిగా మొక్కుకున్నవారే మార్చుకోవచ్చు. న్యాయమైన కారణముంటే విచారణ గురువు దాన్ని రద్దు చేయనూవచ్చు.

అప్పు చేసి రైలెక్కేముందు ఒకసారి ఆయన్ని అడిగితే సరి!