అడగకుండా తీసిన ఫోటో: స్ట్రీట్ ఫోటోగ్రఫీలో గీత ఎక్కడ గీయాలి?

ఏ ఫోన్ రివ్యూ అయినా తెరిచి కెమెరా శాంపిల్స్ చూడండి. చార్మినార్ దగ్గర ఇరానీ చాయ్ తాగుతున్న తాత, మోండా మార్కెట్‌లో బస్తా మోస్తున్న కూలీ, పూల కొట్టు ముందు బేరమాడుతున్న ఆంటీ. స్కిన్ టోన్ ఎలా వచ్చింది, ఎడ్జ్ డిటెక్షన్ ఎలా ఉంది, జూమ్ చేస్తే డీటెయిల్ నిలిచిందా అని మనం పిక్సెల్ పిక్సెల్ చూస్తాం. ఆ తాతని ఎవరైనా అడిగారా అన్న ప్రశ్న మాత్రం స్పెక్ షీట్‌లో ఉండదు.

తెలియనివాళ్లని పోజు లేకుండా, వాళ్ల ధ్యాసలో వాళ్లుండగా తీయడమే క్యాండిడ్ స్ట్రీట్ ఫోటోగ్రఫీ. ఇది తప్పని నేను అనను. అడిగి తీస్తే ఆ క్షణం పోతుంది. మనిషి వెంటనే జుట్టు సర్దుకుని కెమెరా వైపు చూస్తాడు. రఘు రాయ్, రఘుబీర్ సింగ్ లాంటివాళ్లు వీధుల్లో తిరిగి ఫోటోలు తీయకపోయి ఉంటే, మన ఊళ్లు ఒకప్పుడు ఎలా ఉండేవో మనకి ఇంత బాగా తెలిసేది కాదు. కాకపోతే వాళ్ల రోజులకీ మన రోజులకీ ఒక పెద్ద తేడా వచ్చింది. అది అప్‌లోడ్ బటన్.

అప్పుడు 25 ఏళ్లు, ఇప్పుడు 25 సెకన్లు

అమెరికన్ ఫోటోగ్రాఫర్ వాకర్ ఎవాన్స్ 1938 నుంచి 1941 వరకు న్యూయార్క్ సబ్‌వేలో ప్రయాణికుల్ని రహస్యంగా తీశాడు. కెమెరా కోటు లోపల, లెన్స్ గుండీల మధ్య, షట్టర్ కేబుల్ చొక్కా చేతిలోంచి. ఇవాళ ఎవరైనా అలా చేస్తే స్పై కెమెరా అంటాం. కానీ ఆ ఫోటోల పుస్తకం వచ్చింది 1966లో. అప్పటికి పాతికేళ్లు గడిచిపోయాయి. ఆ మొహాల్ని గుర్తుపట్టి ఎవరింటికైనా వెళ్లి అడిగేవాళ్లు దాదాపు ఉండరు.

మన ఫోటో 25 సెకన్లలో రీల్ అవుతుంది. సాయంత్రానికి ఆ బస్తీ వాట్సాప్ గ్రూప్‌లో ఉంటుంది. ట్యాంక్‌బండ్ మీద పక్కపక్కన కూర్చున్న ఒక జంటని ఊహించుకోండి. వెనక బుద్ధ విగ్రహం, సూర్యాస్తమయం, ఫ్రేమ్ అదిరింది. మీకు అది ఐదొందల లైకులు. ఆ అమ్మాయి ఇంట్లో అదే సాక్ష్యం. పరువు పేరుతో హత్యలు జరిగిన చోట బతుకుతున్నాం, ఇది అతిగా ఆలోచించడం కాదు.

పెద్ద స్కేల్‌లో ఏం జరుగుతుందో 2025 ప్రయాగ్‌రాజ్ కుంభమేళాలో చూశాం. దండలు అమ్ముకునే ఒక అమ్మాయి వీడియో వైరల్ అయింది. తర్వాత సెల్ఫీల కోసం జనం ఎగబడి, ఆమె పని చేసుకోలేక మేళా నుంచి ఇంటికి వెళ్లిపోవాల్సి వచ్చింది. తర్వాత ఆమెకి సినిమా అవకాశం వచ్చిన మాట నిజమే. కానీ మొదటి క్లిప్ తీసినవాళ్ల దగ్గర ఆ గ్యారంటీ ఏమీ లేదు కదా.

చట్టం ఎంతవరకు?

మన దేశంలో పబ్లిక్ ప్లేస్‌లో ఫోటో తీయడానికి ప్రతి ఒక్కరి అనుమతి తీసుకోవాలని చెప్పే సాధారణ చట్టం లేదు. ఐటీ చట్టం సెక్షన్ 66ఈ ప్రకారం ఒకరి ప్రైవేట్ శరీర భాగాల్ని అనుమతి లేకుండా తీసినా, షేర్ చేసినా 3 ఏళ్ల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 77 వాయరిజం గురించి, 78 స్టాకింగ్ గురించి.

వీధిలో నడిచే మనిషి మామూలు ఫోటో వీటి కిందకి రావడం కష్టం. ప్రైవసీ ఆశించలేని చోట మహిళ ఫోటో తీయడం వాయరిజం కాదని 2024 నవంబర్‌లో కేరళ హైకోర్టు కూడా చెప్పింది. మరోవైపు, ప్రైవసీ ప్రాథమిక హక్కు అని 2017 పుట్టస్వామి తీర్పులో సుప్రీంకోర్టు 9 మంది జడ్జిల ధర్మాసనం తేల్చింది. అంటే చట్టం కొన్ని హద్దులే చెబుతుంది. చాలావరకు నిర్ణయం మన బొటనవేలి మీదే ఉంది.

జూమ్ చేసే పని

చిన్న లెక్క. ఫోన్ మెయిన్ కెమెరా సుమారు 24 ఎంఎం. నిలబడిన మనిషి ఫ్రేమ్ నిండా రావాలంటే మీరు దాదాపు 4 అడుగుల దూరంలో ఉండాలి. 5ఎక్స్ పెరిస్కోప్ అంటే సుమారు 120 ఎంఎం, అదే ఫ్రేమ్‌కి దాదాపు 20 అడుగులు. 4 అడుగుల్లో ఉంటే వాళ్లు మిమ్మల్ని చూస్తారు, వద్దనొచ్చు, నవ్వొచ్చు. 20 అడుగుల్లో ఆ ఛాన్సే లేదు.

జపాన్, దక్షిణ కొరియా మార్కెట్లకి వచ్చే ఫోన్లలో షట్టర్ సౌండ్ ఆఫ్ కాకుండా పెట్టింది ఇందుకే. మన ఫోన్లలో సైలెంట్ చేస్తే అంతే. రే-బాన్ మెటా కళ్లద్దాల్లో రికార్డింగ్ అప్పుడు వెలిగే ఎల్ఈడీ ఉంటుంది కానీ, ఆ లైట్ అర్థం తెలియనివాళ్లకి దానివల్ల ఉపయోగం లేదు.

అలాగని దగ్గరికెళ్తే చాలు అనుకోకండి. 2020లో ఎక్స్100వీ కెమెరా లాంచ్ కోసం ఫుజిఫిల్మ్ పెట్టిన ఒక ప్రమోషనల్ వీడియోలో ఫోటోగ్రాఫర్ నడిచేవాళ్లకి అడ్డంగా వెళ్లి మొహాల మీదే కెమెరా పెట్టి తీస్తాడు. విమర్శలు రావడంతో కంపెనీ ఆ వీడియో తీసేసింది.

ఎవరి మొహం మీద?

హైటెక్ సిటీలో లంచ్ టైమ్‌కి బయటికొచ్చే ఐడీ కార్డుల గుంపు కూడా వీధే. అక్కడ ఎవరి మొహం మీదా ఫోన్ పెట్టం. హెచ్ఆర్‌కి కంప్లయింట్ వెళ్తుందని భయం. అదే పాతబస్తీలో, అడ్డా మీద కూలీల దగ్గర ఆ భయం ఉండదు. వాళ్లు ఎదురు చెప్పరన్న నమ్మకమే మన ధైర్యం అయితే అక్కడ ఆగాలి. మీ కొలీగ్‌ని అదే స్థితిలో తీసి పోస్ట్ చేయగలరా? లేదంటే ఆ ఫ్రేమ్ వదిలేయండి.

ఫీల్డ్‌లో పనికొచ్చేవి

- 1ఎక్స్ లేదా 2ఎక్స్‌లోనే ఉండండి. ఫోన్ కనిపించేలా పట్టుకోండి. కాల్ మాట్లాడుతున్నట్టు నటించడం వద్దు.
- మనిషి వెంట పడకండి. పొద్దున్నే గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి వెళ్లి మంచి వెలుతురు పడే చోటు ఎంచుకుని, ఫ్రేమ్‌లోకి జనం వచ్చేదాకా నిలబడండి. ఫోటోలు కూడా ఇలాగే బాగుంటాయి.
- తీశాక చూపించండి. నచ్చితే క్విక్ షేర్‌లో అక్కడే పంపండి. "తీసెయ్ బాబూ" అంటే వాదించకుండా తీసేయండి, ట్రాష్‌లోంచి కూడా. బ్యాకప్ అయిన ఫోటో గూగుల్ ఫోటోస్ ట్రాష్‌లో 60 రోజులు ఉంటుంది.
- పిల్లలు ఉంటే పక్కనున్న పెద్దవాళ్లని అడగాల్సిందే. ఫుట్‌పాత్ మీద నిద్రపోతున్నవాళ్లు, ఆసుపత్రి, యాక్సిడెంట్, స్నానఘట్టాలు వద్దే వద్దు. 2027లో గోదావరి పుష్కరాలకి వెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోండి.
- బోనాలు, నిమజ్జనం, ర్యాలీల్లో కొంచెం స్వేచ్ఛ ఉంటుంది. అయినా గుంపు ఫోటో వేరు, ఒక్కరి మీద జూమ్ వేరు.
- చేతులు, నీడలు, వెనక నుంచి, సిల్హౌట్. మొహం లేకుండా కూడా కథ చెప్పొచ్చు. అవసరమైతే సిగ్నల్ యాప్‌లోని బ్లర్ టూల్ వాడండి.
- పోస్ట్ చేసే ముందు లొకేషన్ డేటా తీసేయండి. వెనక షాపు బోర్డు కూడా లొకేషనే.
- తీసిన రోజే పోస్ట్ చేయకండి. ఒక వారం ఆగండి. వారం తర్వాత కూడా అది మంచి ఫోటోనే అనిపిస్తే, అందులో ఉన్న మనిషికి దీనివల్ల ఏమవుతుందో ఇంకోసారి చూసుకోండి.

క్లిక్ చేయడం ఒక నిర్ణయం, పోస్ట్ చేయడం ఇంకో నిర్ణయం. మొదటిదానికి అర సెకనే ఉంటుంది, అక్కడ పొరపాట్లు జరుగుతాయి. రెండోదానికి కావలసినంత టైమ్ ఉంది. ఫోటోలో ఉన్న మనిషి మీ పక్కనే నిలబడి స్క్రీన్ చూస్తున్నా మీరు ఆ బటన్ నొక్కగలిగితే, నొక్కండి.