అత్త కార్డు, కోడలి బీడీలు

కోరుట్లలో ఎండ వాకిట్లోకి రాకముందే అరుగుల మీద చాటలు దిగుతాయి. రాత్రి తడిపి గుడ్డలో చుట్టిపెట్టిన తునికాకు ఒక పక్క, ఒళ్లో చాట, చాటలో తంబాకు. రేకు పెట్టి కత్తెరతో ఆకు కోస్తారు. చిటికెడు తంబాకు పరిచి చుడతారు, మూతి మడిచి దారం కడతారు. ఇరవై అయిదు బీడీలైతే ఒక కట్ట. నలభై కట్టలైతే వెయ్యి. వేళ్లు ఎక్కడా ఆగవు. మాటలు నడుస్తూనే ఉంటాయి, ఏడ్చే పిల్లాణ్ని మోకాలితో ఊపడమూ నడుస్తూనే ఉంటుంది.

అట్లా చేస్తున్న ఓ కోడలిని ‘ఏం పని చేస్తవు చెల్లె?’ అని అడిగితే ఠక్కున జవాబొచ్చింది.

‘ఏం చెయ్యనక్కా. ఇంట్లనే ఉంట. బీడీలు చేస్త.’

పని లేదని చెప్పిన నోటితోనే పని పేరు చెప్పింది. తప్పు ఆమెది కాదు. సాయంత్రం ఆ కట్టలు కార్ఖానాకు పోతాయి. అక్కడి కాంట్రాక్టరు, అంటే టేకేదారు, విప్పి చూసి, నచ్చనివి పక్కకు తీసేసి, మిగిలిన లెక్కను కార్డులో రాస్తాడు. ఆ కార్డు మీద ఉన్నది అత్త పేరు. అత్తకు చూపు ఆనక నాలుగేళ్లయింది. కంపెనీ కొత్త కార్డు ఇయ్యలేదు, కాబట్టి పాత పేరు మీదే కొత్త చేతులు ఆడుతున్నాయి. ఈ పట్నంలో, జగిత్యాలలో, సిరిసిల్లలో ఇది వింతేమీ కాదు.

ఇంట్లో కూర్చుని చుట్టినా ఆమె కార్మికురాలేనని చట్టం చెప్పి అరవై ఏళ్లయింది. బీడీ, సిగార్ కార్మికుల చట్టం 1966లో వచ్చింది. కాంట్రాక్టరు చేతుల మీదుగా ఆకు, తంబాకు తీసుకుని ఇంటి దగ్గర చేసేవాళ్లను కూడా అది ఉద్యోగులే అన్నది. యజమానులు కోర్టుకు పోయారు. 1974లో మంగళూరు గణేశ్ బీడీ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. 1985లో పీఎం పటేల్ అండ్ సన్స్ కేసులో, ఇంటి దగ్గర చేసేవాళ్లకూ పీఎఫ్ వర్తిస్తుందని తేల్చింది. ఢిల్లీలో అంత వాదన జరిగిన పదం మన అరుగు దాకా వచ్చేసరికి ‘ఇంట్లనే ఉంట’గా మారిపోయింది.

పెళ్లి చూపుల్లో మాత్రం ఈ పని బాగానే కనిపించేది. ‘పిల్లకు బీడీలు వస్తయా?’ అని అడిగి మరీ సంబంధం ఖాయం చేసుకున్న ఇళ్లు ఈ పక్కన కోకొల్లలు. మొగుడు గల్ఫ్‌లో ఉంటే, లేదా సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) బంద్ అయితే, ఇల్లు నడిచేది చాట మీదే.

ఓట్ల కాలం వచ్చినప్పుడు ఈ చేతులు నాయకులకు గుర్తొస్తాయి. బీడీ కట్టల మీద పుర్రె గుర్తు వేయాలన్నప్పుడు కరీంనగర్, నిజామాబాద్ పల్లెలు భగ్గుమన్నాయి. 2007లో పొగాకు చట్టాన్ని సవరించి, పుర్రె తప్పనిసరి కాదన్నారు. 2016 ఏప్రిల్‌లో కట్టపై 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలన్నప్పుడు కంపెనీలు కొన్నాళ్లు మూతబడ్డాయి. అప్పుడూ రోడ్డెక్కినవాళ్లు ఆడవాళ్లే. పొగాకు ప్రాణాంతకమన్న మాట ఎంత నిజమో, ఆ పొగాకు తప్ప ఇంకో పని ఎవరూ చూపించలేదన్నదీ అంతే నిజం. రెండో నిజం మీద ఏ బొమ్మా అచ్చు కాలేదు.

తెలంగాణ వచ్చాక బీడీ కార్మికుల భృతి వచ్చింది. 2015లో నెలకు 1000 రూపాయలతో మొదలై 2019లో 2016 రూపాయలైంది. దానికి ఆధారం పీఎఫ్. అదీ 2014 నాటికే ఉండాలన్న షరతు. అంటే 1985 తీర్పు ఫలం ముప్పై ఏళ్ల తరువాత అత్త చేతికొచ్చింది. 2014 తరువాత చాట పట్టిన కోడలు షరతుకు అవతలే ఉండిపోయింది.

ఇక్కడ భాష కూడా మారింది. చట్టం ఆమెను ‘ఉద్యోగి’ అన్నది. వేదిక మీది మాట ఆమెను ‘ఆడబిడ్డ’ అన్నది. 2014 అక్టోబరు 2న ఆడపిల్ల పెళ్లికి సాయమిచ్చే కల్యాణలక్ష్మి పథకం మొదలైనప్పుడు సర్కారు మేనమామ అయింది. ముసలివాళ్లకు పింఛనిస్తూ పెద్దకొడుకయింది. మేనమామ కట్నం పెడితే ఎవరికి చేదు? నాకూ కాదు. కానీ మేనమామను కనీస వేతనం ఎందుకివ్వవని ఎవరూ నిలదీయరు. ఉద్యోగి నిలదీయగలదు. చుట్టరికం కలుపుకున్నకొద్దీ హక్కు మాట నోటి దాకా వచ్చి ఆగిపోతుంది.

2017లో ఒంటరి మహిళ పింఛను వచ్చింది. భర్త వదిలేసి ఏడాది దాటిందని నిరూపించుకోవాలి. పెళ్లికానివాళ్లకైతే పల్లెలో 30, పట్నంలో 35 ఏళ్లు నిండాలి. అంటే కోరుట్ల పట్నం అమ్మాయి పక్క ఊరి అమ్మాయికన్నా అయిదేళ్లు ఆలస్యంగా ఒంటరి అవుతుంది! గల్ఫ్ పోయి ఫోన్ ఎత్తని మొగుడి భార్య ఏమవుతుంది? వదిలేసినట్టా, ఉన్నట్టా? ఆ సంగతి నలుగురి ముందు ఒప్పుకుంటేనే డబ్బు. ఆ ఒక్క సంతకంతో ఆమె ఊళ్లో వేరే మనిషవుతుంది.

సిరిసిల్ల సంగతి ఇంకో రకం. సాంచా మీద మగవాడుంటే అతను నేత కార్మికుడు. కండెలు చుట్టే అతని భార్య? సాయం చేస్తున్నట్టు లెక్క. అక్కడి నుంచే 2017లో బతుకమ్మ చీరలు మొదలయ్యాయి. రేషన్ కార్డున్న ఇంట్లో పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి ‘ఆడపడుచు’కూ చీర. సర్కారు మారాక ఆ చీర పోయింది. 2025 నవంబరులో ఇందిరా మహిళా శక్తి చీర వచ్చింది, ఈసారి మొదట తలపెట్టింది స్వయం సహాయక సంఘం సభ్యురాలికి. సాంచాలు అవే. చీర కట్టుకునే మనిషిని పిలిచే పేరు మారింది.

పేరు రాసే పుస్తకం ఏం చేయగలదో తెలియాలంటే నిజాం నాటి చట్టం ఒకటుంది. 1329 ఫస్లీ, అంటే 1919 నాటిది. హైదరాబాద్‌లో హిజ్రాల పేర్లతో రిజిస్టరు పెట్టించింది. అందులో పేరున్న మనిషి ఆడవేషంలో వీధిలో కనబడితే వారెంటు లేకుండా పట్టుకోవచ్చంది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసి, ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛన్లు ఇవ్వాలని ఆదేశించింది. నూట నాలుగేళ్లు నేరస్తుల పద్దులో ఉంచిన పేర్లను లబ్ధిదారుల పద్దులోకి మార్చమంది. మనుషుల మీదే కాదు, ఊళ్ల మీదా ఇట్లా ముద్ర వేశారు. 1978 అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించారు. వెట్టి చెయ్యబోమన్న కూలీల ఊళ్లు ఒక్క కాగితంతో అనుమానితుల ఊళ్లయ్యాయి.

2025 నవంబరు 21 నుంచి కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1966 నాటి బీడీ చట్టం వాటిలో కలిసిపోయింది. ఇంటి దగ్గర చుట్టే మనిషికి కొత్త పుస్తకంలో ఎంత చోటు దక్కుతుందో కార్ఖానా కిటికీ దగ్గర తేలాలి.

మళ్లీ కోరుట్ల అరుగు. పొద్దు వాలింది. కోడలు కట్టలు సర్దుకుని, కార్డు కొంగున ముడేసుకుని లేచింది. ఆ రోజు ఎనిమిది వందలు చేసింది. టేకేదారు అవన్నీ అత్త పేరు మీదే రాసుకున్నాడు.