సైకిల్ ప్రయాణానికి తగిన దుస్తులు: సౌకర్యం, మర్యాద, మితవ్యయం

దేశంలో అతి తక్కువ వర్షం కురిసే ప్రాంతాలలో అనంతపురం ఒకటి. సంవత్సరానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన, వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ, జూన్ నుండి ఆగస్టు వరకు రామగిరి కొండలపై గాలిమరలను తిప్పే పడమటి గాలి – ఈ నేలపై సైకిల్ తొక్కే మనిషి వీటన్నిటినీ ఎదుర్కోవలసిందే. అయినా సైకిల్ మన ఇళ్లకు కొత్తది కాదు. పాతూరు వీధుల్లో సరుకులు చేరవేసే వారికి, బుక్కరాయసముద్రం నుండి పట్టణానికి పనికి వచ్చేవారికి, పాఠశాలకు వెళ్లే పిల్లలకు అది దశాబ్దాలుగా తోడుగా ఉంది. ఇప్పుడు మధుమేహాన్ని, స్థూలకాయాన్ని అదుపులో ఉంచుకోవడానికి ఫజ్ర్ నమాజు తరువాత సైకిల్‌పై బయలుదేరే మధ్యవయస్కులు కూడా వారిలో చేరారు.

అయితే కొన్న సైకిల్ కొద్ది వారాలకే గోడకు ఆనుకుని మిగిలిపోవడం అనేక కుటుంబాలలో కనిపిస్తుంది. ఆరా తీస్తే, తరచూ బయటపడే కారణం దుస్తులే. గంటసేపు తొక్కేసరికి తొడలు ఒరుసుకుపోయి తండ్రి మానుకుంటాడు. శరీరానికి అతుక్కుపోయే షార్ట్స్ వేసుకుని వీధిలోకి వెళ్లడానికి కుమారుడు సిగ్గుపడతాడు, లేదా అవి వేసుకున్నందుకు పెద్దల మందలింపు విని మానేస్తాడు. దుపట్టా చక్రంలో చిక్కుతుందన్న భయంతో కుమార్తెను తల్లి ఆపివేస్తుంది. ఆరోగ్యమా, మర్యాదా అనే ప్రశ్నగా దీనిని చూడనవసరం లేదు. తగిన దుస్తులను ఎంచుకుంటే ఆ రెండూ ఒకేచోట నిలుస్తాయి. ఖర్చు కూడా హద్దు దాటదు.

దుస్తుల ప్రయోజనం ఏమిటి?

దివ్య ఖుర్ఆన్ దుస్తులకు మూడు ప్రయోజనాలను తెలియజేస్తుంది. ఆరాఫ్ సూరా 26వ ఆయతులో మానవుని మానాన్ని కాపాడే ఆచ్ఛాదనగా, అలంకారంగా దుస్తుల ప్రస్తావన ఉంది. భయభక్తుల వస్త్రమే అన్నిటికన్నా శ్రేష్ఠమన్న బోధ కూడా అక్కడే ఉంది. నహ్ల్ సూరా 81వ ఆయతు, వేడిమి నుండి కాపాడే వస్త్రాలను అల్లాహ్ అనుగ్రహాలలో ఒకటిగా లెక్కిస్తుంది. మన పీఠభూమి ఎండను ఎరిగినవారికి ఈ అనుగ్రహం విలువ వేరుగా చెప్పనక్కరలేదు. బలమైన విశ్వాసి బలహీనుడైన విశ్వాసి కంటే మేలైనవాడని, అయితే ఇద్దరిలోనూ మేలు ఉన్నదని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. మన శరీరానికి మనపై హక్కు ఉన్నదన్న బోధ సహీహ్ బుఖారీలో ఉంది. కాబట్టి వ్యాయామానికి అనువైన దుస్తులను వెదకడం వృథా ఆలోచన కాదు.

అందరికీ ప్రత్యేక దుస్తులు అవసరమా?

అవసరం లేదు. మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలోని దుకాణానికో, కళాశాలకో నిటారుగా కూర్చుని సాధారణ సైకిల్‌పై వెళ్లేవారికి వదులైన నూలు పైజామా, చొక్కా చాలు. అటువంటివారు ముందుగా చేయవలసినది ఖర్చు లేని పని: సీటు ఎత్తును సరిచేసుకోవడం. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు దానిపై మడమ ఆనిస్తే కాలు దాదాపు నిటారుగా చాచుకోవాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్లు నొస్తాయి, మరీ పైకి ఉంటే నడుము ఇటూ అటూ ఊగి చర్మం ఒరుసుకుంటుంది. అనేకుల బాధ ఈ ఒక్క సవరణతోనే తగ్గిపోతుంది.

ఒక గంటకు మించి తొక్కేవారి సంగతి వేరు. అనంతపురం నుండి ధర్మవరం వైపో, గుత్తి వైపో నలభై, యాభై కిలోమీటర్లు వెళ్లేవారు ముందుకు వంగి కూర్చుంటారు. బరువంతా రెండు పిరుదుల ఎముకలపైనా, వాటి మధ్య మెత్తని భాగంపైనా పడుతుంది. అక్కడ చెమట, రాపిడి, ఒత్తిడి మూడూ కలిసి దద్దుర్లకు, సెగగడ్డలకు దారితీస్తాయి. మెత్త కుట్టిన షార్ట్స్ పుట్టింది ఈ బాధను నివారించడానికే. పూర్వం ఐరోపాలో సైకిల్ పందేలవారు ఉన్ని షార్ట్స్ లోపల ‘షామీ’ అనే కొండజాతి జంతువు మెత్తని తోలును కుట్టించుకునేవారు. 1958లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో జోసెఫ్ షివర్స్ సాగే దారాన్ని కనుగొన్న తరువాత షార్ట్స్ గుడ్డ మారింది. తోలు స్థానంలోకి కృత్రిమ నురుగు వచ్చింది. పేరు మాత్రం నేటికీ షామీగానే మిగిలింది.

షార్ట్స్ కొనేటప్పుడు పరీక్షించవలసినవి

మొదటిది మెత్త. మందంగా ఉన్నదే మంచిదని భ్రమపడరాదు. బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. వెంటనే అణిగిపోయి వేలికి అవతలి వైపు తగిలితే, అది దుకాణంలో మెత్తగా ఉండి దారిలో పనికిరానిది. నిదానంగా అణిగి, వేలు తీయగానే తిరిగి లేచేదే మేలు. మెత్త మధ్యలో కుట్టు ఉండరాదు. స్త్రీ పురుషుల ఎముకల అమరిక వేరు కనుక ఇద్దరికీ వేర్వేరు ఆకారపు మెత్తలు తయారవుతాయి. ఒకరిది మరొకరికి సరిపోదు.

రెండవది కుట్లు. షార్ట్స్‌ను లోపలి వైపుకు తిప్పి తొడల భాగంలో వేలు జరపండి. కుట్లు చదునుగా ఉండాలి. వేలికి తగిలే ప్రతి గట్టు వేలసార్లు చర్మానికి తగులుతుంది.

మూడవది గుడ్డ. రెండు చేతులతో సాగదీసి వెలుతురుకు ఎదురుగా పట్టండి. అవతలి వెలుతురు జల్లెడలో నుండి వచ్చినట్లు కనిపిస్తే, సైకిల్‌పై వంగినప్పుడు చర్మం కూడా అలాగే కనిపిస్తుంది. అటువంటిది ఎంత చవకైనా కొనదగినది కాదు.

నాలుగవది కొలత. నిలబడి కాక, సైకిల్‌పై కూర్చునే భంగిమలో వంగి చూడాలి. మెత్త శరీరాన్ని అంటిపెట్టుకుని కదలకుండా ఉండాలి. నడుము పట్టీ, తొడ పట్టీ ఎర్రని గుర్తులు పడేటంత బిగుతుగా ఉండరాదు. వీటి లోపల మరో లోదుస్తు ధరించకూడదన్న విషయం చాలామందికి తెలియదు. లోదుస్తు కుట్లు, చెమట పీల్చిన నూలు గుడ్డ కలిస్తే మెత్త వలన కలగవలసిన మేలు పోతుంది.

భుజాలపై పట్టీలు ఉండే రకం షార్ట్స్ నడుము నొక్కకుండా, వీపు కింది భాగం బయటపడకుండా ఉంటాయి. అయితే దారిలో కాలకృత్యాలకు ప్రతిసారీ పై వస్త్రం విప్పవలసి రావడం ఇబ్బంది. నమాజుకు ముందు ఇస్తింజా, వుజూ చేసుకోవలసిన మనకు నడుము పట్టీ రకమే అనువు.

సతర్ విషయం

పురుషులకు నాభి నుండి మోకాలి వరకు కప్పుకోవలసిన భాగమని అధిక సంఖ్యాకులైన ఉలమా అభిప్రాయం; హనఫీ ఉలమా మోకాలిని కూడా అందులో చేరుస్తారు. బజారులో దొరికే సైకిల్ షార్ట్స్ చాలావరకు మోకాలికి పైనే ఆగిపోతాయి. చర్మపు రంగు కనబడకున్నా, అవయవాల ఆకారం బయటపడేటంత బిగుతు దుస్తులను ఉలమా ఇష్టపడరు. ఇందుకు పరిష్కారం సులభం: మెత్త ఉన్న షార్ట్స్‌ను లోపలి వస్త్రంగా భావించి, దానిపై పలుచని, వదులైన పొడవు ప్యాంటు ధరించడం. మోకాలి కిందికి వచ్చే నిడివి ఉంటే చాలు. పాదాల దాకా ఉండేదైతే చీలమండ వద్ద సన్నగా ఉండి గొలుసులో పడకుండా చూసుకోవాలి.

అటువంటి ప్యాంటును కొనడం కన్నా కుట్టించుకోవడమే నయం. మన రాయదుర్గం జీన్సు, రెడీమేడ్ దుస్తుల కుట్టుపనికి పేరుపొందిన పట్టణం. దర్జీల నేర్పుకు మన జిల్లాలో కొదవ లేదు. తేలికైన, త్వరగా ఆరే గుడ్డ ఇచ్చి, తొడల మధ్య నాలుగు కుట్లు ఒకేచోట కలవకుండా పలక ముక్క – ఉర్దూలో మియానీ – వేయమని చెప్పండి. పైజామాలకు పెద్దలు తరతరాలుగా వేయించుకున్న ఆ ముక్కే కాలు స్వేచ్ఛగా ఆడటానికి, చర్మం ఒరుసుకోకుండా ఉండటానికి పనికివస్తుంది.

జెర్సీ: ఎండకు గొడుగు

జెర్సీ విషయంలో నూలా, పాలిస్టరా అన్న సందేహం సహజం. మన పొడి వేడిలో కొద్దిదూరానికి నూలు హాయిగానే ఉంటుంది. అందులో నిలిచిన తడి ఆరుతూ చల్లదనమిస్తుంది. దూరం పెరిగితే అదే నూలు చెమటతో బరువెక్కి, ఉప్పు కట్టి చంకలలో, మెడ వద్ద రాపిడి కలిగిస్తుంది. పలుచని అల్లిక పాలిస్టర్ చెమటను పీల్చి ఉంచుకోక బయటి వైపుకు చేరవేసి త్వరగా ఆరుతుంది. గంటకు మించిన ప్రయాణానికి అదే తగినది.

చేతులు పొడుగ్గా ఉన్నదే ఎంచుకోండి. నీడనిచ్చే చెట్టు అరుదైన దారులలో ఎండ తగలని చర్మమే చల్లగా ఉంటుంది. మోచేతి పైకి సులభంగా మడవగలిగేదై ఉంటే వుజూకు ఇబ్బంది ఉండదు. తెలుపు, లేత పసుపు వంటి రంగులు వేడిని తక్కువగా గ్రహిస్తాయి. ఫజ్ర్ తరువాతి మసక వెలుతురులో 44వ జాతీయ రహదారి దరిదాపుల్లో వెళ్లేవారిని లారీ డ్రైవర్లు దూరం నుండే గుర్తిస్తారు. వెనుక మెరుపు పట్టీ ఉంటే మరీ మంచిది. జెర్సీ మరీ వదులుగా ఉండి గాలికి తెరచాపలా ఉబ్బరాదు. ఎదురుగాలిలో అది అదనపు శ్రమ.

కొనే ముందు దుకాణంలోనే ఒక పరీక్ష చేయండి. జెర్సీ ధరించి రుకూలోకి, సజ్దాలోకి వంగినట్లు వంగి చూడండి. నడుము వద్ద వీపు బయటపడితే ఆ జెర్సీ మీకు పొట్టిది. సైకిల్‌పై కూడా మీరు అలాగే వంగుతారు, వెనుక వచ్చేవారికి అలాగే కనిపిస్తారు. ఈ పరీక్షలో నెగ్గిన దుస్తులతో దారిలో జుహ్ర్ వేళ అయినా, మార్చుకునే చోటు వెదకకుండా మస్జిదులోకి వెళ్లవచ్చు. చెమట అశుద్ధం కాదు. అయితే తోటి నమాజీలకు దుర్వాసన ఇబ్బంది కలిగించకుండా, వీలైతే పైన వేసుకునేందుకు ఒక పలుచని శుభ్రమైన కుర్తా సంచిలో ఉంచుకోవడం మర్యాద.

మన ఆడపిల్లల సంగతి

1990ల ఆరంభంలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది గ్రామీణ మహిళలు సైకిల్ నేర్చుకున్నారు; వారిలో ముస్లిం స్త్రీలూ ఉన్నారు. మన రాష్ట్రంలో ‘బడికొస్తా’ పథకం కింద ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్లు అందాయి. అఫ్ఘానిస్తాన్‌లో జన్మించిన మసూమా అలీ జాదా 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో శరణార్థుల జట్టు తరఫున, హెల్మెట్ కింద తలను కప్పుకునే సైకిల్ పందెంలో పాల్గొన్నారు. తలపై వస్త్రం దారికి అడ్డు కాదనడానికి ఇంతకన్న సాక్ష్యం ఏమి కావాలి?

బాలికల విషయంలో అసలు ప్రమాదం వేలాడే గుడ్డ. దుపట్టా, అబాయా అంచు, వెడల్పు షల్వార్ కాలు – ఇవి వెనుక చక్రంలోనో, గొలుసులోనో చిక్కితే పడిపోవడమే కాదు, మెడకు బిగుసుకునే ప్రమాదం ఉంది. కాబట్టి దుపట్టాకు బదులు, సాగే గుడ్డతో కుట్టిన తలవస్త్రం. మోకాళ్ల దాకా ఉండి పక్కల చీలిక గల వదులైన కుర్తా. చీలమండ వద్ద సన్నగా ఉండే షల్వార్ శ్రేయస్కరం. దూరం వెళ్లేవారు మెత్త షార్ట్స్‌ను షల్వార్ లోపల ధరిస్తే ఎవరికీ తెలియదు. సైకిల్‌కు పూర్తి చైన్ కవర్, వెనుక చక్రానికి చీర గార్డు అమర్చడానికి అయ్యే ఖర్చు స్వల్పం. బాలిక చదువు మానిపించడానికి దుస్తులు కారణం కాకుండా చూడటం తల్లిదండ్రుల బాధ్యత.

ఖర్చు లెక్క

తినండి, తొడగండి, దానం చేయండి, కానీ దుబారా, గర్వం వద్దన్న ప్రవక్త బోధ ఇక్కడ మనకు మార్గదర్శకం. ఫుర్ఖాన్ సూరా 67వ ఆయతు దుబారాకూ పిసినారితనానికీ మధ్య మార్గాన్ని ప్రశంసిస్తుంది. ఆ మధ్య మార్గాన్ని లెక్కగట్టడం కష్టం కాదు: ధరను ఎన్నిసార్లు ధరిస్తామన్న సంఖ్యతో భాగించాలి. 500 రూపాయల షార్ట్స్ 25 సార్లకే మెత్త అణగారిపోతే ఒక్కో ప్రయాణానికి 20 రూపాయలు పడినట్లు. 1,500 రూపాయలది 150 సార్లు వస్తే 10 రూపాయలే. 4,500 రూపాయలది 300 సార్లు వచ్చినా 15 రూపాయలు. అంకెలు ఉదాహరణకే, కానీ అతి చవకా, అతి ఖరీదూ రెండూ నష్టమే కావచ్చని ఇవి చూపుతాయి.

డబ్బు పరిమితంగా ఉంటే ముందు షార్ట్స్ కొనండి. పైప్యాంటు దర్జీ చేత కుట్టించండి. జెర్సీకి బదులు ఏదైనా పొడుగు చేతుల పాలిస్టర్ ఆటల చొక్కాతో సరిపెట్టుకోండి. చొక్కాపై ఉన్న విదేశీ జట్టు పేరుకు చెల్లించే సొమ్ము మీ సౌకర్యాన్ని ఏమీ పెంచదు.

ఉతుకు, శుభ్రత

మెత్త షార్ట్స్‌ను ఉతకకుండా రెండోసారి ధరించరాదు. చర్మవ్యాధులకు అదే ప్రధాన ద్వారం. ఇంటికి రాగానే విప్పి ఉతకాలి. నీటి కొరత గల మన ఊళ్లలోనూ ఇది భారం కాదు: లోపలి వైపుకు తిప్పి, కొద్దిపాటి సబ్బుతో చేతితో పిండి, సబ్బు పూర్తిగా పోయేలా జాడిస్తే చాలు. గుడ్డను మెత్తబరిచే ద్రావకాలు, ఇస్త్రీ పనికిరావు. ఎర్రటి ఎండలో ఆరవేస్తే సాగే దారం త్వరగా చచ్చిపోతుంది. మన పొడి గాలికి నీడలోనే ఆరిపోతుంది. వారంలో నాలుగైదు సార్లు తొక్కేవారికి రెండు జతలు ఉంటే, ఒకటి ఆరేలోగా మరొకటి సిద్ధంగా ఉంటుంది. అంతకు మించినవి బీరువాలో బరువే.

మీ ఇంట గోడకు ఆనుకుని ఉన్న సైకిల్ ఎవరిదో ఈ రోజే అడిగి చూడండి. దానిని తొక్కడానికి అడ్డుపడుతున్నది సీటా, షార్ట్సా, దుపట్టా అంచా అన్నది తెలుసుకుని, ఆ ఒక్క దానిని సరిచేయించండి. సతర్ విషయంలో సందేహం ఉంటే మీ మస్జిదు ఇమామును సంప్రదించండి. అల్లాహ్ మనకు ఆరోగ్యాన్ని, హయాను రెండింటినీ ప్రసాదించుగాక! ఆమీన్.