కపిలబావి నేర్పిన మితము

వయసు మీఱినవారందఱును తమ కాలమే మంచికాలమనుట లోకసహజము. ఆ మాటలో సత్యమెంత, మమకారమెంత యని విడదీసి చూచుట మంచిది. అట్లు పరీక్షించుటకు మా నల్లమాడ ప్రాంతమున కపిలబావికంటె తగిన యుదాహరణము నాకు కానరాదు.

మాది వాన చాలని సీమ. 2022 ఏప్రిలు 4వ తేదీన శ్రీ సత్యసాయి జిల్లా యేర్పడువఱకు మేము అనంతపురము జిల్లాలోనివారము. ఆ జిల్లాలో ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అనగా 22 అంగుళములు మాత్రమే. కావుననే పూర్వులు పడిన చినుకును పడినచోటనే నిలుపఁజూచిరి. బుక్కపట్టణపు పెద్దచెఱువు అట్టి ప్రయత్నఫలమే. కొత్తచెరువు, ఓబుళదేవరచెరువు అను పొరుగూళ్ల పేళ్లే ఇందుకు సాక్ష్యము చెప్పుచున్నవి. ఎగువచెఱువు మరువ పాఱిన నీరు దిగువచెఱువును చేరును. నీరుగంటి ఆయకట్టు మడులకు వంతులవారిగా నీరు విడుచును. చెఱువునీరు భూమిలోనికి ఇంకి చుట్టుపట్ల బావులలో ఊటయగును.

ఆ ఊటను పైకి తెచ్చు సాధనమే కపిల. దానిని ఎఱుఁగని బాలురకై వివరించెదను. బావియొడ్డున రెండు కంబములు నాటి, నడుమ గిలక నమర్తురు. మోకునకు బానను కట్టుదురు. బాన యడుగున తోలుతొండ ముండును. ఎద్దులు ఏటవాలు దారిని క్రిందికి దిగునప్పుడు బాన పైకి వచ్చును. తొండము నోరు తొట్టిలో విచ్చుకొని నీరు కాలువఁబట్టును. తోలువాఁడు మోకుపైఁ గూర్చుండి తన బరువును గూడ ఎద్దులకు సాయము చేయును. ఎద్దులు వెనుకకు నడచినంతనే బాన మఱల బావిలోనికి దిగును.

ఇందలి మర్మ మేమనఁగా, ఎద్దులు అలసినంతనే కపిల నిలుచును. ఆ విరామములో బావి మఱల ఊరును. ఒక జత యెద్దులు తడుపఁగలిగినంతయే మడి. అన్నదమ్ములకు ఒకే బావిలో పాళ్లుండెడివి. నేఁడు ఒకరి వంతు, ఱేపు వేఱొకరి వంతు.

అయినను ఆ మితము మా పూర్వుల సద్గుణమని చెప్పుట న్యాయముకాదు. వారికి వేఱు గతి లేకుండెను. హద్దు గీసినది మనుష్యుఁడు కాదు, పరికరము. ఆ కాలము సుఖమయమును గాదు. 1876–78 నాఁటి కఱవు ఈ సీమను ఎంత పీడించెనో చరిత్ర చెప్పుచున్నది. నా చిన్నతనమున కపిల తోలు నింటి పిల్లలు బడికి రాని దినములు వచ్చిన దినములకంటె నెక్కువ. వారి యరచేతుల కాయలను చూచినవాఁడెవ్వఁడును ఆ కాలము తిరిగి రావలెనని కోరఁడు.

పిమ్మట ఆయిలింజను వచ్చినది. దాని వెనుక విద్యుత్తు మోటారు, ఆపైని బోరు. 2004లో సేద్యమునకు ఉచిత విద్యుత్తు లభించినది. రైతు మెడపైనుండి కాడి దిగినది, పిల్లలు బడికి వచ్చిరి. ఇది గొప్ప మేలు. కాని మోటారు అలయదు. ఒకని బోరు లోతునకు పోయినకొలఁది పొరుగువాని బోరు ఎండును. వాఁడును అప్పు చేసి మఱింత లోతునకు దింపును. వందల యడుగులు త్రవ్వినను తడి తగులక అప్పు మాత్రమే మిగిలిన యిండ్లు మా సీమలో కొల్లలు. 2002లో జల, భూమి, వృక్ష సంరక్షణకై వాల్టా చట్టము చేయఁబడినది. శ్రీశైలమునుండి హంద్రీ–నీవా కాలువ కృష్ణాజలమును మా సీమకు తెచ్చుచున్నది. అయినను మితము లేనిచోట చట్టమును కాలువయు ఎంతకని చాలును?

కావున మనము విచారింపవలసినది కపిల పోయినందుకు కాదు. కపిలతోపాటు వంతు పోయినది, విరామము పోయినది. ఈ రెంటిని ఎద్దులు లేకయే తిరిగి తెచ్చుకొనవచ్చును. ఇరుగుపొరుగు రైతులు బోరునీటిని వంతులవారిగా వాడుకొనవచ్చును. మెట్టపొలమున కొఱ్ఱ, రాగి వంటి కొలఁదినీటి పైరులు వేయవచ్చును. చెఱువుల పూడిక తీసి, వానలు మెండైన యేఁట భూమికి నీరు త్రాగించవచ్చును. పూర్వము చాలునని ఎద్దులు చెప్పినవి. ఇఁక ఆ మాట మనమే చెప్పుకొనవలెను.