మంచి గింజ మన పిల్లలకే

రాగులు, వేరుశనగ అమ్మేసి పిల్లలకు కొట్లో ప్యాకెట్లు కొనిపెడుతున్నారా? 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 300 మిల్లీగ్రాములకు పైనే. బియ్యంలో 10 మిల్లీగ్రాములకు అటూ ఇటూ. సెలవు రోజున పిల్లలతో కలిసి రాగి లడ్డూలు చేయండి.

గ్లాసు రాగిపిండిని సన్నసెగపై కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. గ్లాసు వేరుశనగ గుళ్లు, అరగ్లాసు నువ్వులు విడిగా వేయించి దంచండి. గ్లాసు బెల్లం కోరు, నాలుగు చెంచాల వేడి నెయ్యి కలపండి. గోరువెచ్చగా ఉండగానే పిల్లల చేత ఉండలు కట్టించండి. తాము చేసినవి మారాం చేయకుండా తింటారు.

వేరుశనగ ఏరేటప్పుడు మాత్రం జాగ్రత్త. బూజు పట్టినవి, రంగు మారినవి, ముడుచుకున్నవి పారేయండి. వాటిలో కాలేయాన్ని దెబ్బతీసే అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. వేయించినా అది పూర్తిగా పోదు. మంచి గింజ మార్కెట్టుకు, తాలు గింజ ఇంటికి అనే పద్ధతి ఇకనైనా మానండి.