వయ్యారిభామను తినే పురుగుకూ పదును కావాలి

పేరు వయ్యారిభామ. దాన్ని పీకే కూలి తల్లులకు మిగిలేది మాత్రం దురదలు, దద్దుర్లు, ఆయాసం. "ఏటా పీకుతూనే ఉన్నాం, ఏటా మొలుస్తూనే ఉంది" అన్న మాట ఏ గట్టు మీద నిలబడినా వినిపిస్తుంది.

మెక్సికో ప్రాంతపు ఈ మొక్క 1955లో పూనాలో కంటబడింది. అమెరికా గోధుమల వెంట దిగిందని జనం అంటారు. మొక్క వచ్చింది గాని, దాన్ని తినే పురుగులు వెంట రాలేదు. అందుకే బెంగుళూరులోని ఉద్యాన పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు మెక్సికో నుంచి ఒక పెంకుపురుగును తెప్పించి, పరీక్షించి, 1984లో వదిలారు. దాని పేరు జైగోగ్రామా. తెల్లటి వీపు, దానిమీద ముదురు గోధుమరంగు చారలు. పెద్దదీ, పిల్లదీ రెండూ ఆకు తింటాయి. కొన్నేళ్లకు అక్కడ చాలాచోట్ల మొక్కలు ఆకులేక మోడయ్యాయి.

మరి అన్నిచోట్లా ఎందుకు పనిచేయటం లేదు? పురుగుదీ మనలాగే వానను నమ్ముకున్న బతుకు. తొలకరికి నేలలోంచి లేస్తుంది, లేత ఆకుల మీద గుడ్లు పెడుతుంది. ఎదిగిన పిల్లపురుగు మళ్లీ మట్టిలోకి దిగితేనే రెక్కల పురుగవుతుంది. వానలు వెనుకబట్టి చలి మొదలైతే పెద్ద పురుగులు కూడా మట్టిలో దూరి, తిండి మానేసి, మళ్లీ వానలదాకా పడుకుంటాయి. వయ్యారిభామకు అలా సెలవు లేదు. కాలువ గట్టున, తడి పారే పొలంలో ఏడాది పొడుగునా మొలుస్తుంది. నెల తిరిగేసరికి పూతకొచ్చి వేలకొద్దీ గింజలు రాలుస్తుంది.

కాబట్టి నడి వేసవిలో పురుగుల్ని తెచ్చి వదిలి లెక్క రాసుకుంటే లాభం లేదు. జూన్, జులైలో, పదునున్నప్పుడు, మొక్క గుబురుగా లేతగా ఉన్నచోట వదలాలి. ఆ చుట్టుపక్కల పురుగుమందు కొట్టరాదు. అవి పడుకున్న జాగాను దున్నరాదు, తగలబెట్టరాదు. ఫలితానికి రెండు మూడేళ్లు ఓపిక పట్టాలి.

పురుగు పడుకున్న నెలల్లో పని మళ్లీ మన చేతుల మీదే పడుతుంది. పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, వేళ్లతో సహా పీకాలి. అయితే వట్టి చేతులతో కాదు. చేతితొడుగులు, ముఖానికి గుడ్డ, పూర్తి కూలి ఇచ్చాకే పని చెప్పమని పంచాయతీనీ, రైతునూ అడుగుదాం. పురుగు బతకటానికి ఏం కావాలో లెక్కగట్టి చూసినవాళ్లు, కూలి మనిషి బతుకునూ లెక్కలోకి తీసుకోవాలి.