గోదావరి ఒడ్డున పరాసువారి ఊరు

పిల్లలూ! కాకినాడలో బస్సెక్కి తాళ్లరేవు మీదుగా దక్షిణానికి పోతున్నారనుకోండి. సుమారు ముప్పయి కిలోమీటర్లు పోయేసరికి ఒక చిత్రం కనిపిస్తుంది. అంతవరకూ ‘ఏపీ’ అని ఉన్న బండ్ల నంబరు పలకల మధ్య ‘పీవై’ అనే పలకలు మొదలవుతాయి. మనుషుల మాట మాత్రం మారదు. అదే తెలుగు, అవే కొబ్బరిచెట్లు, అదే గోదావరి గాలి. అయినా మీరు మరొక ప్రభుత్వం కిందికి వచ్చారన్న మాట! ఆ ఊరే యానాం. ‘పీవై’ అంటే పుదుచ్చేరి. ఆ పట్నమో, అక్కడికి 800 కిలోమీటర్లకు పైగా దూరాన, తమిళదేశపు తీరాన ఉన్నది.

ఇదెలా జరిగిందో తెలియాలంటే మనం ఫ్రాన్సు దాకా పోవాలి. ఫ్రాన్సు యూరపు ఖండంలోని దేశం. అక్కడి వర్తకులు మన నేతబట్టల కోసం నెలల తరబడి ఓడల్లో ఆఫ్రికాను చుట్టి వచ్చేవారు. అప్పటికి సూయజు కాలువ లేదు గదా! మన పెద్దలు వారిని ‘పరాసువారు’ అనేవారు. 1723లో వారు యానాంలో స్థావరం పెట్టారు, కొన్నాళ్లకు వదిలి వెళ్లారు, మళ్లీ వచ్చారు. గౌతమీ గోదావరి నుంచి కోరంగి పాయ చీలేచోట ఉన్న ఊరు కాబట్టి, పడవల వ్యాపారానికి అనువుగా ఉండేది. ఇంగ్లీషువారికీ పరాసువారికీ ఎక్కడ యుద్ధం వచ్చినా, ఇక్కడ యానాం చేతులు మారేది. నెపోలియను యుద్ధాలు ముగిశాక అది మళ్లీ ఫ్రెంచివారికే దక్కింది. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, బెంగాలులోని చంద్రనగరం, యానాం – ఈ అయిదూ వారివి. స్పెయిను దేశానికి ఆఫ్రికా తీరాన సెయుటా, మెలిల్లా అనే రెండు చిన్న పట్నాలు ఇవాళ్టికీ ఇలాగే ఉన్నవి.

ఆ అధికారులలో ఒకరి సంగతి మీకు చెప్పి తీరాలి. 1790 ప్రాంతంలో యానాంలో పెత్తనం చేసిన పియేర్ సొన్నెరా గొప్ప ప్రకృతి పరిశీలకుడు. లిచీ చెట్టుకు శాస్త్రీయ నామం పెట్టినది ఆయనే. ఆయన గౌరవార్థం మడచెట్లలో ఒక జాతికి ‘సొన్నెరేషియా’ అని పేరు పెట్టారు. యానాం పక్కనే కోరంగి మడ అడవిలో ఆ చెట్లు ఉన్నవి! బురదలోంచి మేకుల్లా పైకి నిలబడిన వాటి వేళ్లు గాలి పీల్చుకుంటాయి.

యానాం మొత్తం 30 చదరపు కిలోమీటర్లే. పొలంగట్టు దాటితే ఇంగ్లీషువారి రాజ్యం. గట్టుకు ఇటు ఒక చట్టం, అటు ఒక చట్టం. సుంకం లేని విదేశీ సరుకు యానాంలో చవకగా దొరికేది. మంగళవారం సంతకు చుట్టుపక్కల ఊళ్లవారు వచ్చి కొనుక్కుపోయేవారు. ఇది వినడానికి సరదాగానే ఉన్నది.

కాని ఇంకొక పనికి కూడా వచ్చేవారు. ఇంగ్లీషువారి భారతదేశంలో 1929లో శారదా చట్టం చేశారు. పధ్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకు, పద్ధెనిమిదేళ్లు నిండని మగపిల్లవాడికి పెళ్లి చేస్తే నేరం. 1930 ఏప్రిల్ నుంచి అది అమలులోకి వచ్చింది. ఆ చట్టం యానాం పొలిమేర దగ్గర ఆగిపోయింది! దాంతో తెలుగు ఊళ్లనుంచి పెళ్లివారు పిల్లలను వెంటబెట్టుకొని అక్కడికి తరలివచ్చేవారు. బొమ్మల పెళ్లిళ్లు చేసుకునే వయసులో ఉన్న పిల్లలకు నిజం పెళ్లిళ్లు జరిపించి, తిరిగి తీసుకుపోయేవారు. అలా వచ్చిన పిల్ల ఇంటికి తిరిగివెళ్లాక పలక పట్టుకొని బడికి పోయిందో లేదో ఎవరూ రాసిపెట్టలేదు. ఏ అమ్మమ్మగారి ఇంట్లోనైనా ఇటువంటి కథ ఉంటే, అడిగి వినండి.

1947లో ఇంగ్లీషువారు వెళ్లిపోయారు, ఫ్రెంచివారు వెళ్లలేదు. ఏడేళ్లు గడిచినా యానాంలో మూడు రంగుల ఫ్రెంచి జెండాయే ఎగిరింది. చివరకు 1954 జూన్ 13న, దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో ఉద్యమకారులు ఊళ్లోకి వచ్చి ఆ జెండా దింపి, భారత పతాకం ఎగరేశారు. రమణయ్య అంతకు పూర్వం పుదుచ్చేరిలో ఫ్రెంచి పోలీసు ఇన్‌స్పెక్టరుగా పనిచేసినవాడే! అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గర కీళూరులో ప్రజాప్రతినిధులు ఓట్లు వేశారు. భారతదేశంలో కలవాలన్నవారు 170 మంది, వద్దన్నవారు 8 మంది. నవంబరు 1న పాలన మన చేతికి వచ్చింది. కాగితాల మీద మాత్రం బదిలీ పూర్తికావడానికి 1962 ఆగస్టు 16 దాకా పట్టింది. కావాలనుకున్నవారు ఆరు నెలల్లోగా రాసి ఇచ్చి, ఫ్రెంచి పౌరులుగానే ఉండే వీలు కూడా ఆ ఒప్పందంలో ఉన్నది. అన్నదమ్ముల్లో ఒకరు ఇటు, ఒకరు అటు అయితే, ఆ ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర ఏం మాట్లాడుకుని ఉంటారో ఊహించుకోండి.

ఇప్పుడు యానాం ప్రజలు తమ శాసనసభ్యుణ్ణి ఎన్నుకొని అంత దూరాన ఉన్న పుదుచ్చేరి సభకు పంపుతారు. గౌతమి అవతల ఎదుర్లంక ఉన్నది. 2002లో వంతెన వచ్చేదాకా పంటు మీదనే దాటవలసి వచ్చేది. ఇప్పుడు నడిచి కూడా పోవచ్చు. వెళితే నవంబరు 1న వెళ్లండి. యానాంలో అది విమోచన దినం. 1956లో సరిగ్గా అదే తేదీన, ఎదుర్లంక ఉన్న ఒడ్డున ఆంధ్రప్రదేశ్ పుట్టింది.